యోగా అంటే ఆసనాలేనా? షుగరు, నడుము నొప్పి ఉన్నవాళ్ళకి అది ఎంతవరకు పనికొస్తుంది?

మీరు అడిగింది క్లుప్తంగా ఇదీ. ఒడిశాలోని పర్లాకిమిడిలో బట్టల షాపు, వయసు 47, రెండేళ్ళుగా షుగరు, మెట్‌ఫార్మిన్ వాడుతున్నారు. రోజంతా పరుపు మీద బాసిపట్టు వేసుకుని కూర్చోవడంతో నడుము పట్టేస్తోంది, రాత్రి నిద్ర సరిగ్గా పట్టడం లేదు. యోగా అంటే అసలు ఏమిటి, ఆసనాలేనా ఇంకేమైనా ఉందా, దానివల్ల నిజంగా ఏం లాభం అన్నారు. రోజూ పావుగంట కపాలభాతి (పొట్ట లోపలికి కొడుతూ ముక్కుతో ఊపిరి వేగంగా వదలడం) చేస్తే షుగరు పోతుంది, మాత్రలు మానేయొచ్చు అని ఫోన్లో ఒక వీడియో చూశారు, అది నిజమా అన్నారు. మీ ఆవిడకి మోకాళ్ళ నొప్పులు, ఆవిడ కూడా చేయొచ్చా అన్నారు. నేను బరంపురంలో చాలా ఏళ్ళుగా నేర్పుతున్నాను. నా దగ్గరకి వచ్చేవాళ్ళలో చాలామంది మీలాంటివాళ్ళే, షాపుల్లో కూర్చునేవాళ్ళు, మగ్గం మీద పట్టు నేసేవాళ్ళు, బ్యాంకుల్లో పనిచేసేవాళ్ళు. అందుకని వరస కాస్త అటూ ఇటూ అయినా అన్నిటికీ వివరంగా రాస్తాను.

ముందు మాత్రల సంగతి తేల్చేద్దాం, మిగతాదంతా తీరిగ్గా చదువుకోవచ్చు గానీ ఇది ఆగదు. మీ అంతట మీరు మాత్రలు మానొద్దు. యోగా మొదలుపెట్టిన రోజున మానొద్దు, నెల తిరిగేసరికి ఒంట్లో తేలిగ్గా అనిపించినా మానొద్దు. షుగరు ఎక్కువగా ఉన్నా చాలామందికి ఒంట్లో ఏమీ తెలియదు, కాబట్టి హాయిగా ఉంది కదా అని తగ్గిందనుకోవడానికి లేదు. మూడు నెలలకోసారి హెచ్‌బిఎ1సి పరీక్ష చేయించండి, అది గడిచిన రెండు మూడు నెలల సగటు చెబుతుంది. ఆ రిపోర్టు డాక్టరు గారి ముందు పెట్టండి, తగ్గించే వీలుంటే ఆయనే తగ్గిస్తారు. బరువు తగ్గి, తిండి మారి, రోజూ సాధన నిలబెట్టుకున్నవాళ్ళలో కొందరికి డాక్టర్లు మోతాదు తగ్గించడం నేను చూశాను. అలా తగ్గినవాళ్ళలో ఒక్కరు కూడా వీడియో చూసి సొంతంగా మానేసినవాళ్ళు కారు.

మెట్‌ఫార్మిన్ ఒక్కటే వాడేవాళ్ళకి షుగరు ఉన్నట్టుండి పడిపోయే ప్రమాదం తక్కువ. కానీ గ్లిమెపిరైడ్ లాంటి మాత్రగానీ ఇన్సులిన్ గానీ తోడుంటే, పరగడుపున ఎక్కువసేపు చేసినప్పుడు చెమటలు పట్టడం, వణుకు, కళ్ళు తిరగడం రావచ్చు. చాప పక్కన పంచదారో గ్లూకోజో పెట్టుకోవాలి, ఏ వేళకి చేయాలో డాక్టరుని అడిగి తెలుసుకోవాలి. మీ చీటీలో ఒకటికి మించి పేర్లుంటే ఇది మీకు కూడా వర్తిస్తుంది, చూసుకోండి.

ఇక యోగా అంటే ఏమిటి. జూన్ 21 రాగానే స్కూలు గ్రౌండులో చాపలు పరిచి అందరూ ఒకేసారి చేతులు పైకెత్తిన ఫొటోలు వస్తాయి, అదే యోగా అనుకుంటాం. ఆ రోజుని అంతర్జాతీయ యోగా దినంగా ఐక్యరాజ్యసమితి 2014 డిసెంబరులో ప్రకటించింది, 2015 నుంచి జరుపుతున్నారు, 2025లో దేశం మొత్తానికి ప్రధాన కార్యక్రమం మనకి దగ్గరే, విశాఖపట్నంలో పెట్టారు. దానివల్ల మేలే జరిగింది, ఎప్పుడూ వంగనివాళ్ళు ఆ పూటైనా వంగారు. కానీ ఆ ఫొటోలో కనిపించేది యోగాలో ఒక ముక్క మాత్రమే.

పతంజలి యోగసూత్రాలు మొత్తం రెండు వందల లోపే ఉంటాయి, వాటిలో ఆసనం గురించి నేరుగా చెప్పేవి మూడే. మొదటిది రెండో పాదంలో, అంటే రెండో అధ్యాయంలో, 46వ సూత్రం, స్థిరసుఖమాసనమ్. కదలకుండా, ఇబ్బంది పడకుండా ఉండగలిగితే అది ఆసనం, అంతే. కాలు మెడ మీద వేయమని గానీ తల కిందులుగా నిలబడమని గానీ ఆయన అడగలేదు. అసలు గ్రంథం రెండో సూత్రంలోనే యోగశ్చిత్తవృత్తినిరోధః అని మొత్తం విషయం చెప్పేశాడు, మనసు ఒకదాని మీద నుంచి ఇంకొకదాని మీదకి పరిగెత్తడం ఆగి నిలబడటమే యోగం అని. దానికి దారిగా ఎనిమిది అంగాలు చెప్పాడు, యమ, నియమ, ఆసన, ప్రాణాయామ, ప్రత్యాహార, ధారణ, ధ్యాన, సమాధి. ఆసనం వాటిలో మూడోది. దానికంటే ముందు అహింస, సత్యం, అస్తేయం (దొంగతనం చేయకపోవడం), అపరిగ్రహం (అవసరానికి మించి కూడబెట్టకపోవడం) లాంటివి ఉన్నాయి. గుడ్డ మీటరు లెక్కన కొలిచి ఇచ్చే మీకు సత్యం, అస్తేయం అంటే ఏమిటో నేను విడమరిచి చెప్పక్కర్లేదు, పొద్దున చాప మీద ఎంత చేసినా పగలు కొలత దగ్గర మనసు కలత పడితే రాత్రి నిద్ర పట్టదని మీకే తెలుసు. ఇవి నీతులుగా కాదు ఆయన పెట్టింది, మనసు నిలబడాలంటే ముందు తీర్చుకోవాల్సిన బాకీలుగా పెట్టాడు.

భగవద్గీత దీన్నే ఇంకో వైపు నుంచి చెబుతుంది. రెండో అధ్యాయంలో సమత్వం యోగ ఉచ్యతే అంది, లాభం వచ్చినా నష్టం వచ్చినా తూకం తప్పకుండా ఉండటం. ఆరో అధ్యాయంలో మరీ ఎక్కువ తినేవాడికీ అసలు తిననివాడికీ, అతిగా నిద్రపోయేవాడికీ నిద్ర మానుకునేవాడికీ యోగం కుదరదు అంది. షుగరు ఉన్నవాళ్ళకి అంతకంటే సూటిగా ఎవరూ చెప్పలేదని నాకనిపిస్తుంది.

మరి ఈ ఆసనాలన్నీ ఎక్కడి నుంచి వచ్చాయి అంటే, 15వ శతాబ్దంలో స్వాత్మారాముడు రాసిన హఠయోగ ప్రదీపికలో వివరంగా చెప్పినవి పదిహేను ఆసనాలే, వాటిలో ఎక్కువ కూర్చుని చేసేవి. ఇప్పుడు క్లాసుల్లో కనిపించే నిలబడి చేసే ఆసనాలు, ఒకదాని వెంట ఒకటి చేయించే పద్ధతి చాలావరకు 1930లలో మైసూరు ప్యాలెస్‌లో నేర్పిన తిరుమలై కృష్ణమాచార్య, ఆయన శిష్యులు బి.కె.ఎస్. అయ్యంగార్, పట్టాభి జోయిస్ ద్వారా ప్రపంచమంతా వెళ్ళాయి. ఇది చెప్పడం దేనికంటే, ఫలానా ఆసనం రాకపోతే యోగా రానట్టే అన్న బెంగ మీకు అక్కర్లేదు.

నేను నేర్పేటప్పుడు ఒకటే పట్టుకుంటాను. ఊపిరి ముందు, ఆసనం తర్వాత. ఊపిరి కుదురుగా లేకుండా చేసే ఆసనం వ్యాయామం అవుతుంది, వ్యాయామం మంచిదే, కానీ మీరు నిద్ర గురించి, షుగరు గురించి అడుగుతున్నారు కాబట్టి మీకు కావాల్సింది ఊపిరి. పతంజలి కూడా మనసు చెదిరినప్పుడు తోడుగా వచ్చేవాటి జాబితాలో దుఃఖం, దిగులు, ఒళ్ళు వణకడంతో పాటు శ్వాస గతి తప్పడాన్ని కూడా కలిపాడు. హఠయోగ ప్రదీపిక ఇంకా సూటిగా చలే వాతే చలం చిత్తం అంటుంది, ఊపిరి కదిలితే మనసు కదులుతుంది అని.

ఒక మనిషి సంగతి చెప్తాను, మీకు బాగా అర్థమవుతుంది. ఇక్కడ పట్టు నేసే ఒకాయన, గుంత మగ్గంలో కాళ్ళు దించి, ముందుకి వంగి ఏళ్ళ తరబడి పని చేసినవాడు, మీలాగే నడుము నొప్పితో వచ్చాడు. చాప మీద వెల్లకిలా పడుకోబెట్టి, మోకాళ్ళు మడిపించి, ఒక అరచెయ్యి పొట్ట మీద, ఒకటి ఛాతీ మీద పెట్టుకుని మామూలుగా ఊపిరి తీసుకోమన్నాను. తీసుకున్నప్పుడు పొట్ట లోపలికి పోతోంది, భుజాలు చెవుల వైపు లేస్తున్నాయి, మెడ పక్క కండరాలు బిగుసుకుంటున్నాయి. అంటే పడుకున్నా సరే ఒళ్ళు ఇంకా మగ్గం మీదే ఉంది. తీసుకోవడం సంగతి వదిలేసి వదలడం మీద దృష్టి పెట్టమన్నాను, ముక్కుతో మెల్లగా, పూర్తిగా, ఇంక లేదు అనేవరకు, తర్వాత ఒక క్షణం ఏమీ చేయకుండా ఉండమన్నాను. మొదట రెండు లెక్కపెట్టేసరికి అయిపోయేది, వెంటనే గబుక్కున పీల్చేవాడు. కొన్నాళ్ళకి నాలుగు, తర్వాత ఆరు లెక్క దాకా వదలగలిగాడు. పూర్తిగా వదిలాక వచ్చే ఊపిరి దానంతట అదే కిందికి దిగింది, పొట్ట మీది చెయ్యి లేచింది, ఛాతీ మీది చెయ్యి కదల్లేదు. ఆ రోజు చాప మీద నుంచి లేవడానికి ఆయన ఒప్పుకోలేదు. నడుము బిగువు సగం అక్కడే వదిలింది, ఒక్క ఆసనం కూడా వేయకుండానే.

ఇందులో మాయ ఏమీ లేదు. మీరు ఇప్పుడే చూసుకోవచ్చు. ఎడమ మణికట్టు మీద కుడి చేతి వేళ్ళు పెట్టి నాడి పట్టుకోండి, ఊపిరి లోపలికి తీసుకుంటే నాడి కాస్త వడిగా కొట్టుకుంటుంది, మెల్లగా వదులుతుంటే నెమ్మదిస్తుంది. ఊపిరి వదిలేటప్పుడు మెదడు నుంచి గుండెకి దిగే వేగస్ నరం గుండెని నెమ్మది చేస్తుంది. వదలడం పొడుగైతే ఆ నెమ్మది ఎక్కువసేపు ఉంటుంది. పెద్దవాళ్ళు మామూలుగా నిమిషానికి 12 నుంచి 20 సార్లు ఊపిరి తీసుకుంటారు, సాధనలో అది ఆరు దాకా దిగితే గుండె లయ, బీపీ సర్దుకునే వ్యవస్థ బాగా పనిచేస్తుందని పరిశోధనల్లో తేలింది. గుండె మీద, జీర్ణం మీద, నిద్ర మీద మనం నేరుగా ఆజ్ఞ వేయలేం, కానీ ఊపిరి మాత్రం దానంతట అదీ నడుస్తుంది, మనం నడిపిస్తే కూడా నడుస్తుంది. లోపలికి ఉన్న తలుపు అదొక్కటే.

షుగరు సంగతికి వస్తే, యోగా రెండు వైపుల నుంచి పనిచేస్తుంది. ఒకటి కండరాలు. కండరం పనిచేసినప్పుడు రక్తంలోని గ్లూకోజుని తీసుకుంటుంది, ఇన్సులిన్ సరిగ్గా పనిచేయని ఒంట్లో కూడా ఇది జరుగుతుంది. తొడలు, పిరుదులు పెద్ద కండరాలు కాబట్టి వాటికి పని చెప్పే ఆసనాలు మీకు ముఖ్యం. రెండోది టెన్షన్. టెన్షన్‌లో అడ్రినలిన్, కార్టిసాల్ అనే హార్మోన్లు పెరిగితే కాలేయం దాచుకున్న చక్కెరని రక్తంలోకి వదులుతుంది, అందుకే పండగ సీజనులో తిండి మారకపోయినా కొంతమందికి షుగరు పెరుగుతుంది. నిద్ర చాలకపోయినా ఇన్సులిన్ సరిగ్గా పనిచేయదు. మందులకి తోడుగా యోగా చేసినవాళ్ళలో పరగడుపు షుగరు, హెచ్‌బిఎ1సి కొంత తగ్గడం చాలా అధ్యయనాల్లో కనిపించింది. కొంత తగ్గుతుంది, మాయం కాదు. యోగా చేస్తున్నాను కదా అని నడక మానొద్దు కూడా. వారానికి 150 నిమిషాలు ఒంటికి ఒక మోస్తరు పని ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది, మెల్లగా చేసే ఆసనాలతో అది పూర్తి కాదు. మధ్యాహ్నం అన్నం తిన్నాక షాపులో పరుపు మీద నడుం వాల్చకుండా ఒక పది పదిహేను నిమిషాలు వీధిలో నడిచి రండి, భోజనం తర్వాత పెరిగే షుగరుకి అది బాగా పనిచేస్తుంది. ఎండాకాలం మన వైపు మధ్యాహ్నం పఖాళ (నీళ్ళు పోసి ఊరబెట్టిన అన్నం) తిని పడుకోవడం అలవాటే, ఆ అన్నం కొలత తగ్గించి పక్కన కూర, పప్పు పెంచుకోండి, మిగతా తిండి గురించి ఇక్కడ ఎక్కువ రాయను.

నడుము నొప్పికి యోగా పనికొస్తుందనడానికి ఇంకా గట్టి ఆధారం ఉంది. అమెరికాలో వైద్యుల సంఘం ఒకటి 2017లో ఇచ్చిన మార్గదర్శకాల్లో చాలాకాలంగా ఉన్న నడుము నొప్పికి మందుల కంటే ముందు ప్రయత్నించాల్సినవాటిలో యోగాని చేర్చారు. ఇది మన ప్రాంతానికి చాలా ముఖ్యమైన విషయం అని నేను గట్టిగా నమ్ముతాను. సరిహద్దు దాటి ఆంధ్రలోకి వెళితే ఇచ్ఛాపురం, కవిటి, సోంపేట, అంతా కిడ్నీ జబ్బు ఎక్కువగా ఉన్న ఉద్దానం. పొలంలో వంగి పనిచేసి నడుము నొప్పి రావడం, మందుల షాపులో డైక్లోఫెనాక్ లాంటి నొప్పి బిళ్ళ కొనుక్కుని రోజూ వేసుకోవడం, నేను చూస్తూనే ఉన్నాను. ఆ బిళ్ళలు ఎక్కువకాలం వాడితే కిడ్నీల మీద భారం పడుతుంది, షుగరు ఉన్నవాళ్ళకి అది ఇంకా ప్రమాదం. మీరు నొప్పి బిళ్ళ వాడుతున్నారో లేదో రాయలేదు, వాడుతుంటే డాక్టరుకి ఆ మాట చెప్పండి.

ముందు కూర్చునే తీరు మార్చండి, ఎందుకంటే రోజుకి అరగంట ఆసనాలు వేసి పది గంటలు నడుము వంచి కూర్చుంటే గెలిచేది ఆ పది గంటలే. బాసిపట్టు తప్పు కాదు. కానీ పిరుదుల కింద దుప్పటి మడత పెట్టుకుని నాలుగు వేళ్ళ ఎత్తున కూర్చోండి, మోకాళ్ళు తుంటి కంటే కిందికి రావాలి, అప్పుడు నడుము తనంతట తాను నిలబడుతుంది. అరగంటకోసారి లేవండి, పై అరలో గుడ్డ తాను అందుకునే పని కుర్రాడికి చెప్పకుండా మీరే చేయండి.

సాధనకి పొద్దున అరగంట చాలు. మన దగ్గర ఉక్కపోత ఎక్కువ, మార్చి దాటాక సూర్యుడు రాకముందే అయిపోవాలి. పొట్ట ఖాళీగా ఉండాలి, భోజనం అయ్యాక మూడు నాలుగు గంటలు ఆగాలి. లేవగానే మాత్రం ముందుకు వంగొద్దు. రాత్రంతా పడుకుంటే వెన్నుపూసల మధ్య డిస్కులు నీరు పట్టి బిగుసుకుని ఉంటాయి, మొదటి గంటలో వంగితే వాటి మీద ఒత్తిడి ఎక్కువ. లేచి, మొహం కడుక్కుని, కాసేపు ఇంట్లో అటూ ఇటూ తిరిగాక మొదలుపెట్టండి.

వెల్లకిలా పడుకుని మోకాళ్ళు మడిచి, ఇందాక చెప్పినట్టు పొట్టతో ఊపిరి, ఐదు నిమిషాలు. తర్వాత ఒక్కో మోకాలు విడివిడిగా ఛాతీ వైపు తెచ్చుకోండి, రెండో కాలు నేల మీదే ఉండాలి. ఆ తర్వాత సేతుబంధాసనం, మీకు దీని మీద కాస్త ఎక్కువ చెప్పాలి. పాదాలు పిరుదులకి జానెడు దూరంలో, తుంటి వెడల్పులో పెట్టండి. ఊపిరి వదులుతూ ముందు నడుము చాపకి ఆన్చండి, ఆ తర్వాత తోక ఎముక, నడుము, వీపు ఈ వరసలో ఒక్కో పూస లేపండి. భారం పాదాల మడమల మీద పడాలి, మెడ మీద కాదు. పైన ఉన్నప్పుడు పిరుదులు బిగిసి ఉన్నాయో లేదో చేత్తో ముట్టుకుని చూడండి. రోజంతా కూర్చునేవాళ్ళలో అవి పని మర్చిపోతాయి, నడుమే పనంతా చేసి నొప్పెడుతుంది. మూడు నాలుగు ఊపిరులు ఉండండి, దిగేటప్పుడు వీపు, నడుము, చివర తోక ఎముక, మళ్ళీ అదే ఊపిరి వదులుతూ. వేగంగా దిగితే సగం ఫలితం పోయినట్టే. ఐదారు సార్లు చేయండి. ఊపిరి బిగబట్టినట్టు అనిపిస్తే ఎత్తు తగ్గించండి, అదే కొలత, మొహం ముడుచుకుంటోందంటే ఎక్కువైపోయిందని అర్థం.

తర్వాత చేతులు, మోకాళ్ళ మీద మార్జాలాసనం, ఊపిరి తీసుకుంటూ వీపు కిందికి, వదులుతూ పైకి. బోర్లా పడుకుని మోచేతుల మీద ఆనుకుని చిన్న భుజంగాసనం, బొడ్డు నేల మీదే ఉండాలి. గోడకి ఆనుకుని కనిపించని కుర్చీలో కూర్చున్నట్టు ఉత్కటాసనం, తొడలకి అది మంచి పని. కూర్చుని నడుము పక్కకి తిప్పే వక్రాసనం రెండు వైపులా. అవయ్యాక కుదురుగా కూర్చుని ఊపిరి బిగించకుండా నాడీశోధన (ఒక్కో ముక్కు రంధ్రంతో మార్చి మార్చి ఊపిరి) ఐదు నిమిషాలు, భ్రామరి ఐదారు సార్లు, చివర శవాసనం. భ్రామరిలో ఆ హుమ్ అనే నాదం వల్ల ఊపిరి వదలడం దానంతట అదే పొడుగవుతుంది, రాత్రి మంచం మీద కూడా చేసుకోవచ్చు, నిద్రకి నేను ముందు చెప్పేది అదే.

నొప్పి మోకాలు దాటి కిందికి పాకినా, కాలు తిమ్మిరెక్కి బలం తగ్గినట్టున్నా, మూత్రం విషయంలో తేడా వచ్చినా, జ్వరంతో పాటు నడుము నొప్పి ఉన్నా ఇవన్నీ ఆపేసి ముందు డాక్టరు దగ్గరకి వెళ్ళాలి, మూత్రం తేడా వస్తే ఆ రోజే వెళ్ళాలి. నడుముని బాగా ముందుకి వంచే పశ్చిమోత్తానాసనం, హలాసనం మీరు ఇప్పట్లో ముట్టుకోవద్దు.

కపాలభాతి గురించి. అది హఠయోగంలో షట్కర్మల్లో ఒకటి, ధౌతి, నేతి, నౌళి లాంటివాటి పక్కన చెప్పిన శుద్ధి క్రియ. ప్రాణాయామానికి ముందు కాసేపు చేసేది. పావుగంట సేపు పొట్ట కొట్టుకుంటే షుగరు పోతుందనడానికి ఆధారం లేదు. బీపీ ఎక్కువగా ఉన్నవాళ్ళు, గుండె జబ్బు, మూర్ఛ, హెర్నియా ఉన్నవాళ్ళు, గర్భిణులు, ఈమధ్య పొట్టకి ఆపరేషను అయినవాళ్ళు చేయకూడదు. మీకు షుగరు వచ్చి రెండేళ్ళయింది, కంటి పరీక్ష చేయించారా? రెటీనాలో రక్తనాళాలు దెబ్బతిని ఉంటే గట్టిగా ముక్కేవి, తల కిందికి దించేవి ప్రమాదం. గ్లాకోమా (నీటికాసులు) ఉన్నవాళ్ళకి శీర్షాసనం కంట్లో ఒత్తిడి పెంచుతుంది. ఆ పరీక్ష అయ్యేదాకా మీకు కపాలభాతి వద్దు, అయ్యాక కూడా దాని అవసరం మీకు పెద్దగా లేదు.

ఇది చదివేవాళ్ళలో రాయగడ, కోరాపుట్, మల్కన్‌గిరి వైపు వాళ్ళు, అటు మహారాష్ట్రలోని గడ్చిరోలి వైపు తెలుగువాళ్ళు కూడా ఉంటారు కాబట్టి ఒక మాట. మన ఈ జిల్లాల్లో సికిల్ సెల్ జబ్బు (ఎర్ర రక్తకణాలు కొడవలి ఆకారంలోకి మారే జబ్బు) ఉన్న కుటుంబాలు చాలా ఉన్నాయి. ఆ జబ్బు ఉన్నవాళ్ళకి ఒంట్లో నీరు తగ్గినా, ఆయాసం వచ్చేదాకా శ్రమపడినా నొప్పి తిరగబెట్టవచ్చు. వాళ్ళు కుంభకం (ఊపిరి బిగబట్టడం) చేయకూడదు, చెమటలు కారేలా వరసగా సూర్యనమస్కారాలు చేయకూడదు, నీళ్ళు దగ్గర పెట్టుకుని, డాక్టరుతో మాట్లాడి మెల్లగా చేసేవే ఎంచుకోవాలి. స్కూళ్ళలో నేర్పే మాస్టార్లు పిల్లలందర్నీ ఒకే వరసలో నిలబెట్టి చేయించేటప్పుడు ఇది గుర్తుంచుకోవాలని నా మనవి.

ఎంతకాలానికి ఫలితం కనిపిస్తుంది అంటే, నిద్ర ముందు మారుతుంది, చాలామందికి కొన్ని వారాల్లోనే. నడుముకి రెండు మూడు నెలలు ఇవ్వండి. షుగరుకి పరీక్ష కాగితమే సాక్షి. పతంజలి అభ్యాసానికి మూడు షరతులు పెట్టాడు, చాలాకాలం చేయాలి, మధ్యలో తెంచకుండా చేయాలి, శ్రద్ధగా చేయాలి. ఎంతసేపు అని ఆయన అనలేదు. ఆదివారం గంటన్నర చేసి ఆరు రోజులు మానేసేవాళ్ళ కంటే రోజూ ఇరవై నిమిషాలు చేసేవాళ్ళకే మేలు జరగడం నేను ఎప్పుడూ చూస్తున్నది. పెళ్ళిళ్ళ సీజనులో షాపు రద్దీగా ఉంటుంది, ఆ రోజుల్లో ఆసనాలు కుదరకపోతే కనీసం పొట్టతో ఊపిరి ఐదు నిమిషాలు మానొద్దు, తెగకుండా ఉంటుంది.

నేర్చుకోవడానికి, కొత్తలో ఎవరైనా పక్కనుండి సరిచేయడం మంచిది. ఆయుష్మాన్ ఆరోగ్య మందిరాల్లో, అంటే ప్రభుత్వ ఆరోగ్య కేంద్రాల్లో, యోగా కూడా ఉంటుంది, మీ దగ్గర్లోని దాంట్లో ఏ రోజు చేయిస్తారో కనుక్కోండి. ఆయుష్ మంత్రిత్వ శాఖ తయారుచేసిన 45 నిమిషాల సాధారణ క్రమం ఒకటుంది, మీ నడుముకి పడనివి వదిలేసి అది చేసుకోవచ్చు. మాస్టారు ఒడియాలో చెబుతారని జంకకండి, మన వైపు పుట్టినవాళ్ళకి అది కొత్త కాదు, ఆయన జోగ అన్నా మనం యోగా అన్నా ఆసనాల పేర్లు అవే. ఎంచుకునేటప్పుడు ఒకటి చూడండి, మొదటి రోజు మీ జబ్బులు, మందులు అడిగారా లేదా. అడగనివారి దగ్గర చేరొద్దు.

మీ ఆవిడ మోకాళ్ళ గురించి. తప్పకుండా చేయొచ్చు, నేల మీద కూర్చోనక్కర్లేదు. వజ్రాసనం, పద్మాసనం, గొంతుక్కూర్చోవడం వద్దు. చేతుల్లేని గట్టి కుర్చీ గోడకి ఆన్చి వేసుకుని, అంచు మీద నిటారుగా కూర్చుని, ఊపిరి తీసుకుంటూ ఒక కాలు మోకాలు దగ్గర నిదానంగా చాచాలి, కాలి వేళ్ళు తన వైపుకి లాగాలి, తొడ ముందు కండరం గట్టిపడటం చేత్తో తెలుస్తుంది. రెండు మూడు ఊపిరులు ఉంచి, వదులుతూ దించాలి. మంచం మీద కాళ్ళు చాపుకున్నప్పుడు మోకాలి కింద చుట్టిన తువ్వాలు పెట్టి దాన్ని కిందికి నొక్కడం కూడా అదే పని చేస్తుంది. తొడ కండరం బలపడితే మోకాలి మీద భారం తగ్గుతుంది. వంటింటి గట్టు పట్టుకుని మడమలు ఎత్తి దించడం, ఊపిరి సాధన, భ్రామరి అన్నీ ఆవిడకీ పనికొస్తాయి. మోకాలు వాచి వేడిగా ఉన్న రోజున కాళ్ళవి మానేసి ఊపిరివి మాత్రం చేయమనండి, వాపు తగ్గకపోతే డాక్టరుకి చూపించండి. నొప్పి ఒక మోకాలికే ఉన్నా రెండు కాళ్ళకీ సమానంగా చేయాలి.